నా ఇంజిన్ ఆముదమే తాగుతుంది

బ్యాటరీ పెట్టుకోమని నాకు సలహా ఇచ్చిన వాళ్లను ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టబోయి, రెండు చేతులూ చాలక వదిలేశాను. ఆదివారాలు నాతో పాటు బొమ్మ విమానాలు ఎగరేయడానికి వచ్చే పన్నెండు మందిలో పదకొండు మంది చెప్పారు. సామాన్లు అమ్మే షాపాయన చెప్పాడు. విమానం ఏం తాగి ఎగురుతుందో తెలియని మా అమ్మ కూడా చెప్పింది. అందరూ నా మంచి కోరే చెప్పారు. నాకు ఒళ్లు మండింది కూడా అందుకే.

నేను భిలాయి ఉక్కు ప్లాంటులో, రోలింగ్ మిల్లులో ఫిట్టర్ని. నాన్న సర్వీసులో ఉండగానే పోవడంతో ఆ ఇంటికి ఒక ఉద్యోగం అని నాకు ఇచ్చారు. అప్పటి నుంచి సెక్టర్ 2 క్వార్టర్లో అమ్మా నేనూ. విమానాల పిచ్చి మాత్రం ఉద్యోగం కంటే పాతది. కాలేజీలో ఎన్‌సీసీ క్యాడెట్‌గా ఉన్నప్పుడు తీగ కట్టి గుండ్రంగా తిప్పే విమానంతో పట్టుకుంది. మొదటి బోనస్ రాగానే విమానాన్ని నేల మీంచి నడిపే రేడియో కొన్నాను. మిగతా ఆడవాళ్లు ఏం కొన్నారో నన్ను అడక్కండి.

మిల్లు నాకు అన్నం పెట్టింది, చెవులు తీసుకుంది. పూర్తిగా కాదు. ఏటా చేసే పరీక్షలో డాక్టర్ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంటాడు. లావు చప్పుళ్లకు నొక్కుతాను. సన్నటివి వస్తున్నాయో లేదో కూడా నాకు తెలియదు. కుక్కర్ విజిల్ పోయింది, పిట్టల కూతలు పోయాయి, మాటల్లో కొన్ని అక్షరాలు పోయాయి. వాటిని ఎదుటివాళ్ల పెదాల మీద చూసి పూరించుకుంటాను. మిల్లులో ఎలాగూ అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం కాబట్టి అక్కడ నాకు లోటు తెలియదు. బయటికి వస్తేనే నేను చెవిటిదాన్ని.

నా విమానం రెక్కలు చూస్తే నా రెండు చేతులూ బార్లా చాపినంత. ముక్కులో కూర్చునే ఇంజిన్ నా పిడికిలంత. అది తాగేది ఆముదం కలిపిన మిథనాల్. మిథనాల్ మండుతుంది, ఆముదం లోపలి ఇనుమును అరిగిపోకుండా కాపాడి, మిగిలింది తెల్లటి పొగై వెనక్కి పోతుంది. ఇంజిన్‌కి ఎంత ఇంధనం అందాలో ఒక సూది మర తిప్పి సరిచేయాలి. ఎక్కువైతే ఇంజిన్ బద్ధకంగా గురగురమంటుంది. తక్కువైతే సన్నగా కీచుమని, వేడెక్కి, గాల్లోనే ఆగిపోతుంది. ఆ మరను లోకమంతా చెవితోనే సరిచేస్తుంది. నా కష్టం అక్కడ మొదలైంది.

కష్టానికి తోడు తెలివితక్కువ పని ఒకటి నేనే చేశాను. ఒక వారం షాపులో ఇంజిన్లకు వాడే శుద్ధమైన ఆముదం అయిపోయింది. ఆదివారం వచ్చేస్తోంది. ఇంట్లో మాత్రం సీసా నిండా ఆముదం ఉంది. మా క్వార్టర్ వెనక కంచె వెంబడి అమ్మ ఆముదం చెట్లు పెంచుతుంది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేరిన నూనెను గరిటెతో తీస్తుంది. వంటాముదం అంటారు మా వైపు. తలకూ, కడుపుకూ, బెణికిన మడమకూ మా ఇంట్లో అదే మందు. చంటిపిల్లల మాడుకు పనికొచ్చింది ఇంజిన్‌కు పనికిరాదా అనుకున్నాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇంట్లో పుట్టినవాళ్లకు తప్ప ఈ ఆలోచన ఎవరికీ రాదు. పాత నూలు చీర ముక్కలో రెండుసార్లు వడగట్టి మరీ కలిపాను.

నీళ్లలో ఉడికిన నూనెలో తడి ఉంటుంది, కంటికి కనపడని మడ్డి ఉంటుంది. ఆ సంగతి ఇరవై ఏళ్ల సర్వీసున్న ఫిట్టర్నైన నాకు తెలిసి ఉండాలి. ఇంజిన్ గాల్లో ఆగిపోయింది. అప్పట్లో నేను చెవి మిషను మీద ఆధారపడేదాన్ని. ఆ గాలికి అది చెవిలో హోరుపెడుతుంటే ఇంకా ఇంజిన్ తిరుగుతోందనే అనుకుని విమానాన్ని పైకి లాగాను. అది నిలువునా ఆగి, ఒక పక్కకు ఒరిగి, బళ్లు నిలబెట్టిన చోట పడింది. మా పెద్దాయన స్కూటరుకూ దానికీ మధ్య రెండు బారల దూరం. ఎవరికీ ఏమీ కాలేదు.

పెద్దాయన అంటే మా గుంపుకు పెద్ద. విజయనగరం వైపు ఆయన. నాన్నతో కలిసి అదే మిల్లులో పనిచేసి రిటైర్ అయ్యాడు. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటి నుంచి నాకు మావయ్యే. నందిని ఊరికి పోయే దారిలో, సున్నపురాయి గనులకు ఇవతల ఉన్న ఆ ఖాళీ జాగాను ఊరివాళ్లతో మాట్లాడి, రాళ్లేరి, చదును చేయించింది ఆయనే. నాకు మొదటిసారి రేడియో చేతికిచ్చి నేర్పిందీ ఆయనే. ఆ రోజు విరిగిన రెక్క ముక్కలు నాతో పాటు ఏరి, నా చేతిలో పెట్టి, నెమ్మదిగా చెప్పాడు.

"ఇంజిన్ సప్పుడు ఇనపడనోళ్లు ఇంజిన్ ఎగరేకూడదమ్మీ. బ్యాటరీ ఎట్టుకో. బ్యాటరీకి ఇనాల్సింది ఏటీ ఉండదు."

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అయితే అది నా నూనె చేసిన తప్పు గానీ నా చెవులు చేసింది కాదని చెప్పాను. చెవులు బాగున్నా ఆ నూనెకు ఆ ఇంజిన్ ఆగేదే కదా. ఆగిందని ముందే తెలిసేది, దించేదానివి అన్నారు మిగతావాళ్లు. ఆ మాట నిజమే. సాయంత్రానికి మా వాట్సాప్ గుంపులో హిందీలో రూలు వచ్చింది: ఇంజిన్ చప్పుడు వినపడేవాళ్లే ఇంజిన్ విమానాలు ఎగరేయాలి. పేరు రాయలేదు. పన్నెండు మందిలో ఆ రూలు ఎవరికోసమో తెలియనివాళ్లు లేరు.

మొండిదాన్నే గానీ మూర్ఖురాలిని కాదు. బ్యాటరీని చూడకుండా కాదనలేదు. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, ప్లాంటు ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మాయి ఒకతె మా గుంపులో ఉంది. తన బ్యాటరీ విమానం ఒక పొద్దంతా నాకిచ్చింది. బాగా ఎగిరింది, అబద్ధం ఎందుకు. మరక లేదు, వాసన లేదు, దించాక గుడ్డతో తుడవాల్సిన జిడ్డు లేదు. పెట్రోలు సంగతీ ఆలోచించాను. ఏ బంకులోనైనా దొరుకుతుంది గానీ ఆ ఇంజిన్ల బరువుకు నా విమానం ముక్కు నేల చూస్తుంది. కాబట్టి నిజంగా తేల్చుకోవాల్సింది రెండింటి మధ్యే. బ్యాటరీయే గెలిచేట్టుంది అనుకుంటూ నాలుగో చుట్టు తిప్పుతుండగా ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టి ఊపింది.

"దీదీ, అలారం బజ్ రహా హై. దించెయ్, జల్దీ."

బ్యాటరీ అడుగంటినప్పుడు విమానంలోని చిన్న డబ్బా ఒకటి కూస్తుందట. దించి చూస్తే ఇంకా కూస్తూనే ఉందని చెప్పింది. చెవి దగ్గర పెట్టుకున్నాను. నాకు ఏమీ లేదు. కుక్కర్ విజిల్ పోయిన చోటికే అదీ పోయింది. నాకు లీలగానైనా వినపడే లావు చప్పుడును, కళ్లకు కనపడే పొగను, చేతికి తెలిసే అదురును తీసేసి, అసలు వినపడని కూత ఒకటి ఇచ్చి, ఇదే నీకు క్షేమం అంటున్నారన్నమాట. బ్యాటరీకి వినాల్సింది ఏమీ ఉండదని చెప్పినాయన దగ్గరికి ఆ డబ్బాను తీసుకెళ్లాను. ఇది కూస్తోంది మావయ్యా, నాకు వినపడట్లేదు అని చెప్పాను. ఆయన డబ్బా వైపు చూశాడు, నా వైపు చూశాడు, తర్వాత గనుల వైపు చూశాడు. తను మూడు నిమిషాలకే దించేస్తానని, అలారం దాకా తెచ్చుకోనని, నన్నూ అలాగే చేయమని చెప్పాడు. బ్యాటరీ ఆయుష్షు కోసం అన్నాడు. నేను నమ్మాను.

ఆ రోజు ఇంటికొచ్చి విమానాన్ని అటక మీద పెట్టబోయాను. మూడు నిమిషాలకే దించేయాల్సిన బ్యాటరీ నాకు పనికిరాదు. ఇంజిన్ నాకు కూడదు. అంటే ఆదివారాలు ఇక లేవు. మిల్లులో, ఇంట్లో, బజారులో నా మీద ఎవరో ఒకరి మాట నడుస్తుంది. రేడియో చేతిలో ఉన్న ఆ పది నిమిషాలూ మాత్రం నా మాటే నడుస్తుంది. దాన్ని కూడా జాలిపడి తీసేసుకుంటారా అనిపించి ఏడుపొచ్చింది. ఏడిచాక కోపం వచ్చింది. కోపంలోనే నాకు పని నేర్పిన ముసలాయన గుర్తొచ్చాడు.

ఆయన ఛత్తీస్‌గఢీ ఫిట్టరు. మిల్లులో బేరింగు బాగుందో లేదో చూడాలంటే పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను బేరింగు పెట్టె మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటారు. ఆయనకు నేను చేరేనాటికే చెవులు పోయాయి. అందుకని పిడిని చెవికి కాకుండా దవడ ఎముకకు ఆనించి కళ్లు మూసుకునేవాడు. ఏ బేరింగు ఎన్ని రోజుల్లో పోతుందో చెప్పేవాడు, అన్నట్టే పోయేది. "కాన్ లే నహీ, హాడా లే సున్, నోనీ" అనేవాడు. చెవితో కాదు, ఎముకతో విను పిల్లా అని. ఇరవై ఏళ్లుగా నేను మిల్లులో చేస్తున్నది అదే. పొట్టకూటి కోసం రోజూ చేసేది పిచ్చి కోసం చేయాలని తట్టకపోవడం నా బుర్రతక్కువే.

పెరట్లో బల్లకు విమానాన్ని తాళ్లతో బిగించాను. కొత్తగా తెచ్చిన శుద్ధమైన ఆముదంతో ఇంజిన్ నడిపి, నేను రెక్కల వెనకే కూర్చుని, స్క్రూడ్రైవరు కొస ఇంజిన్ను బిగించిన దిమ్మకు ఆనించి, పిడి దవడకు పెట్టుకున్నాను. సూది మర వదులుగా ఉంటే గతుకుల రోడ్డు మీద బస్సు ఎక్కినట్టు పళ్లు కదిలాయి. బిగిస్తూ పోతే గతుకులు తగ్గి నున్నగా సాగింది. ఇంకా బిగిస్తే ఆ నున్నదనమే ఎముకలో సన్నటి జిలలా, దురదలా మారింది. అది ప్రమాదం. అక్కడి నుంచి రెండు మెట్లు వెనక్కి తిప్పి గుర్తు పెట్టాను.

తర్వాత పొగ నేర్చుకున్నాను. ఇంజిన్ సరిగ్గా ఉన్నంతసేపూ వెనక ఆముదం పొగ తెల్లటి తాడులా వస్తుంది. ఇంధనం తగ్గే ముందు ఆ తాడు పలచబడుతుంది. కీచుమనడం ఆ తర్వాతే. బ్యాటరీ వాళ్లు చిరాకుపడే ఆ పొగే నాకు కబురు తెస్తుంది. ట్యాంకు నింపడం కూడా మార్చాను. సీసాతో అందాజుగా పోయడం మానేసి, సిరంజితో కొలిచి ఎక్కించాను. ఒక సిరంజికి ఎంతసేపు నడుస్తుందో గడియారం పెట్టి చూశాను. ట్యాంకు ఎప్పుడు అయిపోతుందో ఇక ఇంజిన్ నాకు చెప్పక్కర్లేదు. పొగకు పక్కింటివాళ్లు కిటికీలు వేసుకున్నారు. అమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, మా ఊరి వాసనొస్తందే అంది. తన నూనె వద్దన్నానని మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

అప్పుడు వాట్సాప్ గుంపులో రాశాను. ఒక ఆదివారం పొద్దున్న నాకివ్వండి. మావయ్య నా పక్కన నిలబడాలి. గాల్లో ఇంజిన్ చప్పుడు మారిందని వినపడగానే చెయ్యి ఎత్తాలి. ఆయన చెయ్యి ఎత్తేలోపు నాకు తెలియకపోతే నా ఇంజిన్ అక్కడే ఇచ్చేసి వెళ్తాను, మళ్లీ రాను. తెలిస్తే రూలు తీసేయాలి. నాకొక్కదానికి సడలింపు ఇస్తాం అంటే ఒప్పుకోను. మావయ్య జవాబుగా సరే అని ఒక్క మాట పెట్టాడు.

ఆ ఆదివారం పన్నెండు మందీ వచ్చారు. మామూలుగా ఆరుగురు వస్తే గొప్ప. ఎండకు సున్నపురాయి దుమ్ము తెల్లగా మెరుస్తోంది. చెవి మిషను తీసి చొక్కా జేబులో పడేశాను. అందరి ముందూ స్క్రూడ్రైవరు దవడకు పెట్టుకుని మర సరిచేసుకున్నాను. ఎవరో నవ్వారు, పెదాలు కనపడ్డాయి. సిరంజిలు కొలిచి పోసుకుని విమానాన్ని లేపాను.

మావయ్య నా కుడిచేతి పక్కన నిలబడ్డాడు. ఎలాగూ చివర్లో ట్యాంకు అడుగంటే ముందు నేనే చెప్పొచ్చని నా ధైర్యం. అంతదాకా రాలేదు. సగం కూడా ఖర్చు కాకముందే, గనుల వైపు మలుపులో పొగ తాడు పలచబడింది. మొదట ఎండ వల్ల అలా కనపడిందనుకున్నాను. మలుపు తిరిగి వచ్చాక పొగ ఇంకా సన్నబడింది. వెంటనే వేగం తగ్గించి విమానాన్ని మా వైపు తిప్పేశాను. మావయ్య నా ముఖంలోకి వంగాడు.

"ఏటి దించేత్తన్నావు? ఇంజిన్ బాగానే ఉంది గదా."

ఆయన పెదాల మీద ఆ మాటలు స్పష్టంగా చదివాను. ఆయన చెయ్యి లేవలేదు. నేల చేరడానికి ఇంకా చాలా దూరం ఉండగానే ఇంజిన్ ఆగిపోయింది. ఈసారి నేను పైకి లాగలేదు. ముక్కు కొంచెం దించి, గాలి మీద జారనిచ్చి, దుమ్ములో మెల్లగా ఆనేలా దించాను. చక్రం కూడా వంగలేదు. అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. మిగతా వాళ్లెవరూ విమానం వైపు చూడటం లేదు. మావయ్య కిందికి వేలాడుతున్న చెయ్యి వైపు చూస్తున్నారు. నేను విమానం తిప్పిన కాసేపటికే ఇంజిన్ చెవులు చిల్లులు పడేలా కీచుమందని ఆ నర్సు అమ్మాయి తర్వాత చెప్పింది. అక్కడ దూరంగా నిలబడ్డవాళ్లకు కూడా వినపడిందట.

మూడు నిమిషాలకే దించేయడం, అలారం డబ్బా చూసి గనుల వైపు చూడటం, ఆరేళ్ల కిందట ఉన్నట్టుండి ఇంజిన్లు మానేసి బ్యాటరీకి మారడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆయన కూడా నాన్న మిల్లులోనే ముప్పై ఏళ్లు చేశాడు. ఆ చప్పుడు ఆయన చెవులను మాత్రం ఎందుకు వదులుతుంది? మంచిదాన్నైతే ఆ మాట మింగేసి ఉండేదాన్ని. మింగలేదు.

"నీకూ వినపడలేదు మావయ్యా."

అందరి ముందే అన్నాను. ఆయన వెనక్కి తిరిగాడు. స్కూటరు దగ్గరికి నడిచి, రెండు మూడుసార్లు కిక్కు కొట్టి, అది అందుకున్నాక వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు నా వైపు చూసిన చూపు బాగాలేదు. విమానం విప్పి చూస్తే ఇంధనం పైపుకు గోటి గీతంత పగులు కనపడింది. అందులోంచి గాలి పీల్చుకుని ఇంజిన్‌కు ఇంధనం చాలలేదు. పైపు మార్చకపోవడం కూడా నా తప్పే. అదీ చెప్పాను.

ఇంట్లో సంగతి విని అమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

"పెద్దోడ్ని పట్టుకుని నలుగుర్లో అంత మాట అంటావేటే? నీకు ఏటి మిగిలింది దాని వల్ల?"

ఆయన తన చెవుడు దాచుకుని నా చెవుడు నలుగురికీ చూపించాడని చెప్పాను. గట్టిగానే చెప్పాను. దాచుకోవడానికి ఇదేం దొంగతనం కాదని, ఆ మిల్లులో పనిచేసిన ప్రతి మనిషికీ జీతంతో పాటు వచ్చిందేనని, నేను సిగ్గుపడనని, ఆయన్నీ పడనివ్వనని చెప్పాను. అమ్మ చేట తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆయన నేర్పిన చేతులతోనే ఆయన్ని ఓడించానన్న బాధ ఒక పక్క ఉంది. అన్నందుకు పశ్చాత్తాపం మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

శుక్రవారం వాట్సాప్ గుంపులో మావయ్య పాత రూలు తీసేసి కొత్తది పెట్టాడు: ఇంజిన్ ఎలా ఉందో తెలిసినవాళ్లే ఇంజిన్ విమానాలు ఎగరేయాలి. ఎలా తెలియాలో రాయలేదు. ఆయన ఇక రాడనే అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఆదివారం అందరికంటే ముందు స్కూటరు ఉంది. బ్యాటరీ విమానం తేలేదు. ఆరేళ్లుగా ఎవరూ చూడని ఆయన పాత ఇంజిన్ విమానం బల్ల మీద బిగించి ఉంది. జిడ్డు ఎండిపోయి గోధుమరంగుకు తిరిగింది. చొక్కా జేబులోంచి మిల్లు నాటి పొడుగాటి స్క్రూడ్రైవరు పిడి బయటికి కనపడుతోంది. నేను దగ్గరికి వెళ్తే నా ఇంధనం డబ్బా వైపు చెయ్యి చాపాడు. సిరంజితో కొలిచి పోసిచ్చాను. ఇంజిన్ అందుకున్నాక ఆయన రెక్కల వెనక గొంతుక్కూర్చుని, కొస దిమ్మకు ఆనించి, పిడి దవడకు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వినపడుతోందా అని నేను అడగలేదు. నేనూ ఇంకో పక్క కూర్చుని, వేలి కొసలు రెక్క మొదట్లో ఆనించాను. సన్నటి జిల తెలిసింది. చెబుదామని నోరు తెరిచేలోపు ఆయన చెయ్యి లేచింది.

"ఎక్కువ బిగిసిపోనాది" అంటూ మరను రెండు మెట్లు వెనక్కి తిప్పాడు.